నాలుగు మాటలూ నిజమే, కారు మాత్రం మునిగిందే: పర్లాకిమిడిలో ఒక డిజైర్ తనిఖీ

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో అమ్మకానికి కనిపించే పాత కార్లలో ఆంధ్రా నంబర్లకు కొదవ లేదు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. చుట్టాలు అటూ ఇటూ, వ్యాపారాలు అటూ ఇటూ, బండ్లూ అంతే. కారు సులువుగా దాటే ఈ సరిహద్దును దాని చరిత్ర అంత సులువుగా దాటదు. విజయవాడలోనో హైదరాబాదులోనో ఏం జరిగిందో తెలిసిన సర్వీసు సెంటరు, ఇన్సూరెన్సు ఆఫీసు, పక్కింటివాళ్లు అక్కడే ఉండిపోతారు. ఇక్కడికి వచ్చేది కడిగి పాలిష్ పెట్టిన బండి, ఒక ప్లాస్టిక్ కవర్లో నాలుగు కాగితాలు.

బండి, బేరం

2025 మార్చిలో తనిఖీకి వచ్చిన బండి మారుతి డిజైర్, 1.2 పెట్రోలు. 2018 మే తయారీ, జూన్‌లో రిజిస్ట్రేషను, ఏపీ 16 నంబరు. ఆంధ్రాలో 2019 జనవరి ఆఖరు నుంచి కొత్త బండ్లన్నిటికీ ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకు ముందు నంబరైతే చూడగానే జిల్లా చెప్పేయొచ్చు: 16 కృష్ణా, 30 శ్రీకాకుళం, 31 విశాఖ, 35 విజయనగరం. ఏపీ 39 బండికి ఆ సౌకర్యం లేదు, ఆర్సీలో అడ్రసు చూడాల్సిందే.

బ్రోకరు చెప్పినవి నాలుగు మాటలు. సింగిల్ ఓనర్. ఇంజన్ సైలెంటు. బాడీ మీద టింకరింగ్ పని ఎక్కడా లేదు. ఫైనాన్సు, చలాన్లు ఏమీ లేవు. మీటరు 58 వేల చిల్లర. అడిగింది 4 లక్షల 15 వేలు. అప్పుడు ఆ మోడల్‌కు చుట్టుపక్కల నడుస్తున్న రేటు కన్నా అరవై డెబ్బై వేలు తక్కువ. ఎందుకంటే "ఓనరుకు ట్రాన్స్‌ఫర్ బాబూ, అర్జెంటు" అన్నాడు. కొనేది ఊళ్లో హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. అప్పటికే ఒక మెకానిక్‌ను తీసుకెళ్లి చూపించారు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ విని, ఒక చుట్టు తోలి, కళ్లు మూసుకుని తీసుకోమన్నాడు.

ముందే చెప్పేయాలి, ఆ నాలుగు మాటలూ నిజమే. ఒక్కటీ అబద్ధం కాదు. ఈ కేసు రాయడానికి కారణమూ అదే.

కాగితాల దగ్గర

బండి చూడకముందే ఆర్సీ రెండు వైపులా ఫొటో, ఛాసిస్ నంబరు చివరి ఐదంకెలు తెప్పించుకోవాలి. ఇవి పంపడానికి నసిగేవాడి బండి చూడ్డానికి పెట్రోలు ఖర్చు దండగ. ఎమ్‌పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆర్సీ యాక్టివ్, ఫైనాన్సర్ ఖాళీ, బ్లాక్‌లిస్టులో లేదు, ఓనర్ సీరియల్ 1 అని వచ్చింది. చలాన్లు రెండు చోట్ల చూడాలి. కేంద్ర ఈ-చలాన్ సైటు ఒకటి, ఆంధ్రా పోలీసుల సొంత సైటు ఇంకొకటి. ఒకదాంట్లో లేనిది రెండోదాంట్లో ఉండొచ్చు. తెలంగాణకూ విడిగా సైటు ఉంది. ఈ బండికి రెంటిలోనూ బాకీ లేదు. దొంగ బండి కాదని చూసుకోవడానికి జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఇచ్చే వాహన ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఆన్‌లైన్‌లోనే తీయొచ్చు. అదీ శుభ్రంగా వచ్చింది.

చాలామంది ఇక్కడితో తృప్తి పడిపోతారు. యాప్ చెప్పేది ఈ రోజున బండి స్థితి మాత్రమే. నిన్న ఏం జరిగిందో తెలియాలంటే కాగితాల మీద తేదీలు చదవాలి. ఈ కవర్లో ఉన్నవి ఇవి.

ఇన్సూరెన్సు: 2024 డిసెంబరు 9న తీసిన పాలసీ. థర్డ్ పార్టీ మాత్రమే. పాత పాలసీ వివరాలు రాసే చోట ఖాళీ.

బ్యాంకు లెటరు: అప్పు తీరింది, 2024 నవంబరు 18. అప్పు 84 నెలలకు తీసుకున్నారు. అంటే మామూలుగా 2025 జూన్ దాకా నడవాలి.

ఫారం 28, అంటే వేరే రాష్ట్రానికి ఎన్‌ఓసీ: 2025 జనవరిది. ఎవరి పేరున? గజపతి ఆర్టీఓ పేరున కాదు, గంజాం పేరున. అంటే ఓడీ 20 కాదు, ఓడీ 07.

ఫారం 29, 30, అంటే పేరు మార్పిడి కాగితాలు: ఓనరు సంతకాలున్నాయి. కొనేవారి పేరు, తేదీ ఖాళీ.

ఇన్సూరెన్సు విషయం ముందు చూద్దాం. లోను ఉన్న కారుకు బ్యాంకు ఫుల్ ఇన్సూరెన్సు లేకుండా ఊరుకోదు. రిజిస్ట్రేషను జూన్‌లో కాబట్టి రెన్యువల్ కూడా జూన్‌లోనే జరుగుతూ వచ్చి ఉండాలి. అంటే 2024 జూన్ నుంచి 2025 జూన్ దాకా ఒక ఫుల్ పాలసీ నడుస్తూ ఉండాలి. అది ఉండగా డిసెంబరులో ఎవరైనా థర్డ్ పార్టీ పాలసీ ఎందుకు తీస్తారు? పాత పాలసీ మధ్యలో ముగిసిపోయి ఉంటేనే. పాలసీ అలా మధ్యలో ముగియడానికి మామూలు కారణం టోటల్ లాస్ క్లెయిమ్. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే కంపెనీ బండి విలువ కట్టేసి చేతులు దులుపుకుంటుంది. లోను ఉంటే ముందు బ్యాంకుకు కడుతుంది. నవంబరులో ఏడు నెలల ముందే అప్పు తీరడం విడిగా చూస్తే చిన్న విషయం. జనం ముందుగా కట్టేస్తూనే ఉంటారు. డిసెంబరు పాలసీతో కలిపి చూస్తే మాత్రం ఊరికే వదలాల్సింది కాదు.

పాత పాలసీ అడిగితే పోయిందన్నారు. అది దొరికితే చూడాల్సింది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేని ఒక ఏడాదికి 20 శాతం, ఆ తర్వాత వరసగా 25, 35, 45, ఐదేళ్లకు 50. ఆరేళ్లు తిరిగిన బండి పాలసీలో సున్నా ఉంటే ముందు ఏడాది క్లెయిమ్ జరిగిందని అర్థం, 20 ఉంటే రెండేళ్ల కిందట. కొన్నవారికి ఆ బోనస్ రాదు. అది ఓనరుది, బండిది కాదు. అయినా బండి గురించి ఇంత సూటిగా చెప్పే కాగితం ఇంకోటి లేదు.

ఎన్‌ఓసీ గంజాం పేరున ఉండటం కూడా ఒక కబురే. ముందు బరంపురం వైపు ఎవరో బేరం కుదుర్చుకుని వెనక్కి తగ్గారన్నమాట. ఎందుకు తగ్గారో కాగితం చెప్పదు. గజపతిలో ఎక్కించాలంటే మాత్రం ఈ ఎన్‌ఓసీ పనికి రాదు, మార్పించుకుని రావాలి.

క్యాబిన్

తనిఖీకి పొద్దున్నే వెళ్లాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందురోజే చెప్పాలి. చేతిలో టార్చి, అద్దం ముక్క ఉన్న పుల్ల లేదా ఫోనుకు తగిలించే చిన్న కెమెరా, స్టార్ స్క్రూ డ్రైవరు, తెల్ల గుడ్డ, పెయింట్ మందం కొలిచే గేజి, మల్టీమీటరు, స్కానరు ఉంటే చాలు. కాగితాలు అనుమానం పుట్టించాయి కాబట్టి ఈసారి బానెట్ జోలికి పోకుండా ముందు లోపలే చూశాం.

బాడీ మాత్రం రెండు నిమిషాల్లో తేలిపోయింది. గేజి నాలుగు డోర్లు, బానెట్, డిక్కీ, పైకప్పు అంతటా 95 నుంచి 130 మైక్రాన్లు చూపించింది. కంపెనీ పెయింటే. మళ్లీ పెయింటు పడితే 200 దాటుతుంది, లప్పం ఉంటే ఐదారువందలు, కొన్నిసార్లు వెయ్యి పైన. బానెట్ కీలు బోల్టులకు స్పానర్ పడలేదు, ఇంజన్ పక్క రేకుల (ఆప్రాన్) స్పాట్ వెల్డింగులు గుండ్రంగా అలాగే ఉన్నాయి. బ్రోకరు మాట నిజం. నీళ్లు పెయింటును ఏమీ చేయవు.

డోరు తీయగానే అగరుబత్తి లాంటి పెర్ఫ్యూమ్ గుప్పుమంది. సీట్లకు కొత్త రెక్సిన్ కవర్లు. అద్దాలన్నీ మూసి ఏసీ ఫుల్లు పెట్టి ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, మరో ఐదు నిమిషాలయ్యాక బ్లోయర్ ఒక్కటే వేస్తే పెర్ఫ్యూమ్ కింద నుంచి అసలు వాసన బయటికొచ్చింది, తడిసి ఆరిన గోనె వాసన. గ్లవ్ బాక్స్ దించి క్యాబిన్ ఫిల్టర్ లాగితే ఫిల్టర్ కొత్తది. దాని పెట్టె మూలల్లో గోరుతో గీకితే వచ్చే మెత్తటి నల్లబంక. పర్లాకిమిడి చుట్టుపక్కల దుమ్ము ఎర్రగా ఉంటుంది, ఇలా ఉండదు.

సీటు బెల్టు దగ్గర చాలామంది ఒక జానెడు లాగి వదిలేస్తారు. ఆఖరి దాకా లాగాలి. బెల్టు చుట్ట పిల్లర్ అడుగున, నేలకు దగ్గరగా ఉంటుంది. మునిగితే మురుగు గీత పడేది చుట్ట లోపలి భాగం మీద. ముందు రెండు బెల్టులూ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అడుగున కుట్టిన చీటీ మీద తయారీ తేదీ 2021 ఏప్రిల్. 2018 మేలో తయారైన కారుకు 2021 బెల్టు ఎక్కడిది? ఇంకో కారుది. వెనక సీటు మధ్య బెల్టు మాత్రం 2018దే. దాన్ని మార్చడం ఎవరికీ గుర్తుకు రాలేదు. టార్చి వేసి చూస్తే చివరి మూరెడు మీద అడ్డంగా లేత గోధుమరంగు గీత. తెల్ల గుడ్డ తడిపి రుద్దితే గుడ్డకు అంటింది.

డ్రైవరు సీటు వెనక్కి జరిపి కింద చూస్తే సీటు ఫ్రేము, స్ప్రింగులు నల్ల పెయింటు కొట్టి ఉన్నాయి. పెయింటు తుప్పు మీదే కొట్టారు, పొక్కులు కనిపిస్తున్నాయి. సీటు బోల్టులకు రెంచ్ పడిన గుర్తులు. గడప దగ్గర ప్లాస్టిక్ పట్టీ క్లిప్పులు రెండు విరిగి ఉన్నాయి. ఆ పట్టీ ఎత్తి కార్పెట్ పైకి లేపాం. మార్చి నెల కాబట్టి తడి లేదు, ఉండదు కూడా. చూడాల్సింది తడి కాదు, కార్పెట్ కింద పరిచిన దళసరి గుడ్డ. అది మెత్తగా ఉండాలి. ఇక్కడ అట్టలా బిగుసుకుపోయి, విరిస్తే పొడి రాలింది. నేల మీద పోయే వైర్ల గొట్టం, ముడతల ప్లాస్టిక్‌ది, కొద్దిగా విప్పి వంచితే అందులోంచీ అదే పొడి. పైన తుడవగలరు, గొట్టం లోపల ఎవరూ తుడవలేరు. ఎంత నేర్పుగా కడిగినా దొరికిపోయే చోటు ఇదే.

డాష్ కింద ఫ్యూజు బాక్సులో రెండు మూడు ఫ్యూజులు పీకి చూస్తే కాళ్ల మీద తెల్లటి పొర, కనెక్టర్లో పచ్చటి చిలుము. డిక్కీ పరుపు ఎత్తితే స్టెప్నీ 2018దే, నేలకు ఆనకుండా కొత్తగా ఉంది. దాని గుంటలో మూల మడతల్లో బంక, జాకీ మర మీద తుప్పు. వెనక లైట్ల లోపల సన్నటి గీత, నీరు నిలిచిన మట్టం అది. ముందు హెడ్‌లైట్లు రెండూ 2024 తయారీ, కొత్తవి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, అంచు మీద 4524. అంటే 2024లో 45వ వారం, నవంబరు మొదట్లో తయారైనవి. బ్యాటరీ కూడా ఆ నెలదే.

ర్యాంపు ఎక్కించి కింద చూస్తే నేలంతా తాజాగా నల్లటి అండర్ కోటింగ్. ఏడేళ్ల బండికి అమ్మే ముందు అండర్ కోటింగ్ కొట్టించారంటే ఏదో కప్పడానికే తప్ప మరొకటి కాదు. కోటింగ్ చేరని చోట, ఫ్లోరు రబ్బరు బిరడాల చుట్టూ, పొరలు లేచిన తుప్పు.

ఇక్కడికొచ్చేసరికి బ్రోకరు ఓపిక అయిపోయింది. "ఏటి బాబూ, కారు కొంటన్నారా, పోస్టుమార్టం చేస్తన్నారా?" అన్నాడు.

మీటరు లెక్క

మీటరు మీద 58,412. ఎయిర్ ఫిల్టర్ పెట్టె పక్కన, బానెట్ కింద, సగం చెరిగిన సర్వీసు స్టిక్కరు ఒకటుంది. దాని మీద చదవగలిగింది ఇంతే: తదుపరి సర్వీసు 70,000. పదివేలకోసారి సర్వీసు కాబట్టి ఆఖరిసారి 60 వేల దగ్గర చేయించి ఉండాలి. మరి ఇప్పుడు మీటరు 58 వేలు ఎలా?

మీటరు తిప్పారని ఎవరైనా అనేస్తారు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. మీటరు తిప్పేవాడు లక్షను యాభై వేలు చేస్తాడు, రెండు వేల కిలోమీటర్ల కోసం ఎవడూ ఆ తంటా పడడు. పైగా పెడల్ రబ్బర్లు, స్టీరింగు నునుపు, బ్రేకు డిస్కు అంచు, అన్నీ అరవై వేలు తిరిగిన బండివే. మీటరు తిప్పలేదు, మార్చారు. తడిసి పాడైన క్లస్టర్, అంటే మీటర్లన్నీ ఉండే డబ్బా, తీసి, తుక్కు బజారులో దొరికిన ఇంకో కారు క్లస్టర్ బిగించారు. ఆ 58 వేలు ఆ కారువి. క్లస్టర్ దాకా తడిసిందంటే నీళ్లు సీట్లు దాటి డాష్ బోర్డుకు ఎక్కాయన్నమాట. ఇది తెలిశాక ఎంత మునిగింది అన్న ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే.

స్కానరు, మల్టీమీటరు

వెయ్యి రూపాయల్లోపు దొరికే బ్లూటూత్ డాంగిల్ చూపేది ఇంజన్ కోడ్లు మాత్రమే. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, పవర్ స్టీరింగు కూడా చదివే స్కానరు కావాలి. షెడ్డువాళ్ల దగ్గర ఉంటుంది, అద్దెకు అడిగినా ఇస్తారు. 2013 ఏప్రిల్ తర్వాతి బీఎస్-4 పెట్రోలు కార్లలో ఓబీడీ-2, అంటే ఇంజన్ లోపాలు రాసుకునే ఏర్పాటు, ఉంటుంది కాబట్టి డాంగిల్ కూడా ఒక పనికి బాగా ఉపయోగపడుతుంది. కోడ్లు చెరిపాక బండి ఎంత దూరం నడిచిందో, ఎన్నిసార్లు ఇంజన్ వేడెక్కిందో ఇంజన్ కంప్యూటరులో (ఈసీఎమ్) రాసుకుని ఉంటుంది. లైవ్ డేటాలో ఆ రెండు వరసలు వెతకాలి. ఈ కారులో 212 కిలోమీటర్లు, 19 సార్లు. ఇంజన్ కోడ్లు సున్నా. కోడ్లు లేకపోవడం మంచిదే. 212 కిలోమీటర్ల కిందట ఎవరో కూర్చుని చెరిపారన్నది దాని పక్కన రాసుకోవాలి.

ఎయిర్‌బ్యాగు లైటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తాళం ఆన్ చేయగానే ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో తనంతట తాను ఆరాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా, తాళం ఒక్కటే తిప్పి చూడాలి. అసలు వెలగకపోతే బల్బు దారి తెంపేశారు. ఇంజన్ స్టార్టయ్యాక ఆయిల్ లైటుతో పాటే ఆరితే ఆ రెండూ కలిపి కట్టారు. సరిగ్గా వెలిగి ఆరినా నమ్మలేం. బ్యాగు తీసేసి ఆ చోట రెండు మూడు ఓమ్‌ల రెసిస్టరు పెడితే కంట్రోలు యూనిట్ మోసపోతుంది. ఈ కారులో లైటు అసలు వెలగనే లేదు. స్కానరు ఎయిర్‌బ్యాగు యూనిట్‌ను పిలిస్తే పలకలేదు. ఆ యూనిట్ ఉండేది గేరు దగ్గర కన్సోల్ కింద, నేల మీద. కారులో నీళ్లు చేరితే ముందుగా మునిగేది అదే.

మల్టీమీటరు పరీక్షకు అరగంట పడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి మీటరును మధ్యలో పెట్టి, 10 ఆంపియర్ల దగ్గర ఉంచి, డోర్లన్నీ మూసి వదిలేయాలి. ఆ సేపట్లో తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది. బండి నిద్రలోకి వెళ్లాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఇక్కడ 180 దగ్గర నిలిచిపోయింది. ఎక్కడో చిలుము పట్టిన కనెక్టర్లో కరెంటు కారుతూనే ఉంది. కొత్త బ్యాటరీ కాబట్టి ఇప్పటికి స్టార్టవుతోంది.

ఇంజన్ ఎందుకు బాగుంది

బండి ఆగి ఉండగా మునిగింది. నీళ్లలో నడిపినా, మునిగాక తొందరపడి క్రాంక్ చేసినా గాలి దారిలోంచి నీరు సిలిండర్లోకి పోతుంది. నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలాంటి బండిలో కంప్రెషన్ టెస్టు చేస్తే ఒక సిలిండరు తక్కువ చూపిస్తుంది, చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినా పెరగదు. దీన్ని ఎవరో తెలిసినవాళ్లు క్రాంక్ చేయకుండానే లాగి, ఆయిల్ మార్చి, ప్లగ్గులు ఆరబెట్టి లేపారు. నాలుగు సిలిండర్లూ సమానం. మెకానిక్ మాట కూడా నిజమే. మెకానిక్‌కు చెవి ఇంజన్ మీద ఉంటుంది. మునిగిన కారు చచ్చేది ఇంజన్లో కాదు, వైరింగులో. అదీ ఆర్నెల్లకో ఏడాదికో, మెల్లగా. మొదట సెంట్రల్ లాక్, తర్వాత బ్లోయరు, ఒకరోజు ఘాటు రోడ్డు మీద పవర్ స్టీరింగు.

తేదీల వరస

అన్నిటినీ ఒక కాగితం మీద వరసగా రాస్తే ఇలా వచ్చింది. 2024 వేసవి దాటేదాకా అంతా మామూలు. నవంబరు మొదట్లో తయారైన నాలుగు టైర్లు, బ్యాటరీ. నవంబరు 18న అప్పు మూత. డిసెంబరు 9న థర్డ్ పార్టీ పాలసీ. జనవరిలో గంజాం ఎన్‌ఓసీ. మార్చిలో పర్లాకిమిడి. ఏదైనా జరిగితే ఆగస్టుకూ అక్టోబరుకూ మధ్య జరిగి ఉండాలి. విజయవాడ ఏపీ 16 బండికి ఆ మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఇక్కడ ఎవరికైనా తెలుసు. 2024 సెప్టెంబరు 1 నుంచి బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి, కొన్ని వీధుల్లో నీరు రోజుల తరబడి కదల్లేదు. వీధుల్లో, సెల్లార్లలో ఆపి ఉంచిన కార్లు ఆపిన చోటే ఉండిపోయాయి.

ఇలాంటి తేదీలు కొన్ని మనసులో పెట్టుకుంటే మంచిది. చెన్నై 2015 డిసెంబరు, కేరళ 2018 ఆగస్టు, హైదరాబాదు 2020 అక్టోబరు. మన దగ్గరైతే 2018 అక్టోబరు తిత్లీ, గజపతి జిల్లాను ఎలా ముంచిందో చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ల నంబరుండి, ఆ నెలల తర్వాత మూడు నాలుగు నెలలకు కాగితాలు కదిలిన బండిని ఇంకొంచెం గట్టిగా చూడాలి.

ఓనరుతో ఒక్క ఫోను

ఓనరుతో మాట్లాడితేనే అడ్వాన్సు అని వ్యాపారి భీష్మించుకున్నారు. ఈ షరతు ఎవరైనా పెట్టొచ్చు. ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫర్‌కు ఓనరు ఫోనుకు ఓటీపీ వెళ్తుంది కాబట్టి ఎలాగూ ఆయన కావాలి. రెండు రోజులు నాన్చి నంబరిచ్చారు. అవతల పెద్దాయన విషయం వినగానే, "ఆ డిజైరా? అది బుడమేరు నీళ్లలో పోయిందండీ. ఇన్సూరెన్సువాళ్లు డబ్బులు కట్టి తీసుకెళ్లారు. ఇంకా నా పేరు మీదే తిరుగుతోందా?" అన్నారు.

తిరుగుతోంది. అందుకే అది సింగిల్ ఓనర్ బండి. టోటల్ లాస్ అయిన కారును కంపెనీ వేలానికి పెడుతుంది, వేలంలో కొన్నవాడు ఆర్సీతో, ఓనరు సంతకం చేసిన ఫారాలతో సహా తీసుకుంటాడు, ఒక షెడ్డు దాన్ని లేపుతుంది, బ్రోకరు దాన్ని తిప్పుతాడు. ఇన్ని చేతులు మారినా ఆర్సీలో పేరు ఒక్కటే. శాశ్వతంగా వాడటానికి పనికిరాని బండి ఆర్సీని 14 రోజుల్లో అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. అది జరిగి ఉంటే యాప్‌లో ఆర్సీ యాక్టివ్ అని వచ్చేది కాదు. ఆ పెద్దాయనకు కూడా నిద్ర పట్టని విషయం ఒకటుంది. ఆర్సీలో పేరున్నవారే ప్రమాదానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేవాళ్లు ఇది తెలుసుకుంటే ఈ వ్యాపారం సగం ఆగిపోతుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు రిజిస్ట్రేషను అధికారి ఇచ్చే ఆథరైజేషన్ తప్పనిసరి. అది ఉన్నవాడి దగ్గర కొంటే బండి ఎవరి చేతిలోకి వచ్చిందో కనీసం రాతలో ఉంటుంది. ఈ బ్రోకరుకు అది లేదు.

వ్యాపారి వద్దన్నారు. బ్రోకరు 3 లక్షల 20 వేలకు దిగాడు. మళ్లీ వద్దన్నారు, అదే సరైన మాట. నీళ్లు సీటు మట్టం కింద ఆగి, ఎయిర్‌బ్యాగు యూనిట్, కార్పెట్ మార్చి, ఆ బిల్లులు చూపించి, మునిగిందని అగ్రిమెంటులో రాసిచ్చే బండైతే సగం ధరకు ఆలోచించొచ్చు. డాష్ దాకా మునిగి, ఎయిర్‌బ్యాగులు పలకని బండికి ధర మాట్లాడటమే అనవసరం. పిల్లల్ని ఎక్కించే బండి అది.

బండి సరైనదైతే సరిహద్దు దాటించే పని

ఎన్‌ఓసీ మీ ఆర్టీఓ పేరునే ఉండాలి. ఛాసిస్ పెన్సిల్ ముద్ర మీరే తీసి ఆర్సీతో అంకె అంకె సరిచూడాలి. వేరే రాష్ట్రం బండిని అమ్మినవారు 45 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో ట్రాన్స్‌ఫర్‌కు పెట్టాలి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే తిప్పితే ఒడిశా నంబరు తప్పదు. దానికి కొత్త నంబరు దరఖాస్తు ఫారం 27, ఒడిశా పన్ను. ఆంధ్రాలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి వాపసు అడిగేది పాత ఓనరే, ఆ ముక్క అగ్రిమెంటులో రాయించుకోవాలి. లోను ఉన్న బండైతే ఫైనాన్సర్ పేరు తీసేయించే ఫారం 35 మీద బ్యాంకు ముద్ర చూసి, ఆర్సీలో ఫైనాన్సర్ పేరు నిజంగా తీసేశారా అని యాప్‌లో మళ్లీ చూడాలి. లెటరు ఇచ్చినంత మాత్రాన పేరు పోదు. ఫుల్ ఇన్సూరెన్సును కొన్న 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. అలా చేయకపోతే థర్డ్ పార్టీ వరకు నడుస్తుంది గానీ, మీ కారు దెబ్బ తింటే పైసా రాదు.